చప్పుడు చేయని తలుపు

మొదటి రోజు

ఈ పుస్తకంలో పేజీ చింపకూడదట. తప్పు రాస్తే చెరపకూడదట, ఒక్క గీత కొట్టి వదిలేయాలట, కింద ఏం రాశామో కనపడుతూ ఉండాలట. రోజూ ఏం చేశామో, ఏం అనుకున్నామో, ఏది విరిగిందో దీంట్లో రాయాలి. పాఠంలో సగం ఇదేనని వనజ టీచరు చెప్పింది. నేను చదివింది అయిదో తరగతి. అదీ జనం ఇంకా పైన ఎండలో తిరగగలిగిన రోజుల్లో. అక్షరాలు గుర్తున్నాయి గానీ రాసే అలవాటు పోయింది. పెన్సిలు ముక్కు విరిగితే ఇంకోటి ఇస్తారో లేదో అడగడం మరిచిపోయాను. అందుకని మెల్లగా రాస్తున్నాను.

నా పేరు ఓదెమ్మ. అరవై ఏడేళ్ళు. ఉండేది ఆరో గనిలో రెండో అంతస్తు, పుట్టగొడుగుల వరుస పక్క గది. పాఠం జరిగేది పాత దీపాల గదిలో. ఇరవై ఒక్కమందిమి వచ్చాం. నాకంటే పెద్దవాళ్ళు ఎవరూ లేరు.

టీచరు తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి, మీకు అక్కరకొచ్చే యంత్రం ఒకటి కావాలనుకోండి, కానివ్వండి అంది. మేమందరం కాగితాన్ని ముందు పెట్టుకుని మర్యాదగా అడిగాం. నేను రెండుసార్లు అడిగాను, గొంతు సరిపోలేదేమోనని. నా పక్కన కూర్చున్న కొలిమి రాయమల్లు కాగితాన్ని వేలితో తట్టి చూశాడు. అడిగి, చేతులు కట్టుకుని ఎదురుచూశాం.

"అది గీతపెట్టె కాదు," అంది టీచరు కాసేపటికి. "ఉత్త కాయిదం. గీసేది మీరే."

ఎవరూ నవ్వలేదు. యాభై ఏళ్ళు గీతపెట్టెకు నోటితో చెప్పడం, అది బొమ్మ గీసి ఇవ్వడం, ఆ బొమ్మను కొలిమికి పట్టుకుపోవడం. అదే అలవాటు. పెట్టె మూగబోయి తొమ్మిదేళ్ళయింది. విరిగినవి విరిగినట్టే ఉన్నాయి. మాకు తెలిసిందల్లా అడగడం ఒక్కటే.

నేను ఈ పాఠానికి ఎందుకు వచ్చానో కూడా రాయమన్నారు. నా చెల్లెలు దుర్గ, అందరూ దుర్గక్క అంటారు, నాలుగో అంతస్తులో తలుపు దగ్గర కూర్చుంటుంది. గని అడుగున ఊట నీళ్ళు చేరే సంపు ఉంది. అక్కడ బురద తోడేవాళ్ళకు గాలి అందాలంటే ఆ ఇనుప తలుపు మూసి ఉండాలి. బురద టబ్బు పట్టాల మీద వచ్చినప్పుడు తెరవాలి, పోగానే మూయాలి. తెరిచి ఉంటే పంకా లాగే గాలి అడ్డదారిన తిరిగి వచ్చేస్తుంది, సంపు దాకా పోదు. తలుపు దగ్గర ఉండేవాళ్ళకు మాత్రం అందరూ పీల్చి వదిలేసిన గాలే. అక్కడ మూడేళ్ళు దాటి దగ్గు లేకుండా బతికిన మనిషిని నేను చూడలేదు. దుర్గకు ఇది మూడో ఏడు.

పాఠం అయ్యేసరికి అందరి బొమ్మల్లో ఒకటి ఎంచి నిజంగా చేయిస్తారట. తనంతట తాను మూసుకునే తలుపు నేను గీయగలిగితే అక్కడ మనిషి అక్కర్లేదు. నా చెల్లె పైకి వస్తుంది. ఇంకేమీ నేర్చుకోవాలని నాకు లేదు.

నాలుగో రోజు

ఒక్కొక్కరికి ఒక పొట్లం ఇచ్చారు. అట్టముక్కలు, మూరెడు తీగ, దారం ఉండ, నాలుగు సీసా మూతలు, ఒక ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డను బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చాలి. మధ్యలో చేయి తగలకూడదు. ఎట్లా అని అడిగితే టీచరు "నాకు తెల్వదు" అంటుంది. తెలిసే అంటుంది.

ఉల్లిగడ్డ దొర్లి పడుతుందేమో, పడితే పగులుతుందేమో, పగిలితే కుళ్ళుతుందేమో, మనిషికి నెలకు ఆరే కదా ఇచ్చేది, ఇది ఆ ఆరులో లెక్కేస్తారేమో. అట్టతో బండి చేసి, ఉల్లిగడ్డను దాంట్లో పెట్టి దారంతో పదకొండు చుట్లు చుట్టాను. మూతల చక్రాలు ఊడతాయేమోనని వాటికీ ముడులు వేశాను. బల్ల ఎత్తి వాలుగా పట్టినా బండి కదల్లేదు.

"పెద్దమ్మ ఉల్లిగడ్డకు ఏ రందీ లేదు," అన్నాడు రాయమల్లు. "గీడనే ఉంటది, గీడనే మొలకెత్తుతది."

గది గదంతా నవ్వింది. రాయమల్లుకు నలభై ఉంటాయి. వాళ్ళమ్మా నేనూ ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళం. ఆ చనువుతో అంటాడు. వాడి బండి మాత్రం బల్ల దాటి గోడకు గుద్దుకుంది. వాడి ఉల్లిగడ్డ పగిలింది. నాకు కొంచెం సంతోషమైంది. అబద్ధం ఎందుకు రాయాలి.

టీచరు నా దగ్గర కూర్చుని ముడులు ఒక్కొక్కటే విప్పింది. "ఏమేం చెడిపోతదో ముందే అనుకునేటోళ్ళు ఈ పనికి కావాలె ఓదెమ్మా. కానీ భయానికొక ముడి ఏసుకుంట పోతే యంత్రం నడువది. ఏది అసలు భయమో ఏరుకోవాలె."

ఏరుకోవడం నాకు చేతకాదు. నా భయాలన్నీ ఒకే ఎత్తు ఉంటాయి.

ఎనిమిదో రోజు

సెలవు కాబట్టి దుర్గ పైకి వచ్చింది. ఎనిమిది రోజులకు ఒకసారి వస్తుంది. నాలుగో అంతస్తుకు నేను ఎప్పుడూ దిగలేదు. మనుషులను తాడుతో దించే ఇనుప బోనులో, అదే కేజీలో, నిలబడితే తాడు తెగుతుందని నాకు ఒకటే గుబులు.

జొన్న గటక పెట్టాను. రెండు ముద్దలు తిని గోడకు ఒరిగి దగ్గింది. కొంగులో నల్లటి మరక. నేను చూశానని కొంగు మడిచింది.

"నేను బడికి పోతున్ననే," అన్నాను.

"గీ వయసుల? ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది."

"నీ తలుపు కోసమే. మనిషి లేకుంట మూసుకునే తలుపు చేస్త. నువ్వు పైకొచ్చి నాతోని పుట్టగొడుగులు తెంపుకుంట ఉండు."

దుర్గ గటక గిన్నెలో వేలు తిప్పింది. తర్వాత "అక్కా, తలుపు మూసుడొక్కటే నా పని అనుకుంటున్నవా?" అంది.

"ఇంకేమున్నది?"

"ఏం లేదు తీ," అంది. మళ్ళీ దగ్గు వచ్చింది. నీళ్ళు తేవడానికి లేచాను. తిరిగి వచ్చేసరికి నిద్రపోతోంది. నిద్రలో ఊపిరి ఆగిందేమోనని మూడుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

పదిహేనో రోజు

ఒకే పనికి మూడు దారులు గీసుకురమ్మన్నారు. రెండు దారులు సులువుగానే దొరికాయి, రెండూ పనికిరానివి. ఒకటి రబ్బరు పట్టీతో లాగడం. రబ్బరు తేమకు నాని పోతుంది. రెండోది తాడుకు బరువు కట్టి వేలాడదీయడం. తాడు అంటే నాకు పడదు.

మూడోది నన్నే వెతుక్కుంటూ వచ్చింది. పుట్టగొడుగుల వరుసకు ఒక చెక్క తలుపు ఉంది. దాని గుంజ ఒక పక్కకు ఒరిగిపోయింది. గంప పట్టుకుని లోపలికి పోతుంటే తలుపు దానంతట అదే తిరిగి వచ్చి నా మడమకు కొడుతుంది. ఆరేళ్ళుగా కొడుతోంది. ఆరేళ్ళుగా దాన్ని తిడుతున్నాను. ఇవాళ కూడా కొట్టింది, ఇవాళ కూడా తిట్టాను, తిడుతూ తిడుతూ ఆగిపోయాను. గంప కింద పెట్టి తలుపును తెరిచి వదిలాను. మూసుకుంది. మళ్ళీ తెరిచాను. మళ్ళీ మూసుకుంది. గుంజ ఒరిగి ఉంది కాబట్టి తెరిచినప్పుడు తలుపు కొంచెం పైకి లేస్తోంది. వదిలితే తన బరువుకు తానే దిగి వస్తోంది. తాడు లేదు, రబ్బరు లేదు.

చెడిపోయిందని తిట్టుకున్నది పనిచేస్తూ ఉంది ఇన్నాళ్ళు. పుట్టగొడుగులు తెంపడం మరిచిపోయి తిట్లు తిన్నాను.

టీచరు నా బొమ్మ చూసి గట్టిగా ఊపిరి పీల్చింది. బాగుందని అనలేదు. "టబ్బు ముందు కొసతోని తలుపు నెట్టుకొని పోతదా?" అని మాత్రం అడిగింది. పోతుంది, టబ్బు బరువు ముందు అదెంత. ఇంటికి వచ్చి ఈ పేజీ నాలుగుసార్లు చదువుకున్నాను.

ఇరవై రెండో రోజు

అట్టతో చేశాం, చెక్కతో చేశాం, ఇవాళ కొలిమిలో రేకుతో సగం కొలత తలుపు చేశాం. రాయమల్లు సుత్తి పట్టాడు. వాడి సొంత బొమ్మ పుట్టగొడుగులు కోసే కత్తెర, అది నాలుగు వేళ్ళు కోసిందని టీచరు పక్కన పెట్టించింది. అప్పటి నుంచి నా తలుపు మీద పడ్డాడు.

తలుపును తెరిచి వదిలితే ధబ్బుమని మూసుకుంది. గదిలో దీపాలు ఊగాయి. నేను పైకప్పు వైపు చూశాను.

మా ఆయన మొండయ్య మీద పైకప్పు పెళ్ళ పడింది. ముప్పై మూడేళ్ళయింది. పెళ్ళ పడే ముందు పక్కన ఎవరో ఇనుప కమ్మీ జారవిడిచారు. చప్పుడుకు పైకప్పు పడదని అప్పుడే పెద్దలు చెప్పారు, ఇప్పుడు టీచరూ చెప్పింది. నిజమే అయి ఉంటుంది. కానీ నేను చచ్చేదాకా చప్పుడుకే పడిందని అనుకుంటాను. ఆ తలుపు రోజుకు యాభైసార్లు ఇట్లా కొట్టుకుంటే నాలుగో అంతస్తు నిలుస్తుందా? ఇప్పుడున్న తలుపును కూడా దుర్గ ధబ్బుమనే మూస్తుందట. ఇన్నాళ్ళు ఆ సంగతి నాకు తెలియకపోవడమే మంచిదైంది, తెలిస్తే నిద్ర ఉండేది కాదు.

తలుపు అంచుకు పాత బెల్టు రబ్బరు నాలుగు పొరలు కుట్టాను. ఈసారి వదిలితే తలుపు వచ్చి బొటనవేలు నోట్లో పెట్టుకున్న పిల్లలాగా మెత్తగా ఆగింది. చప్పుడే లేదు.

"అబ్బ, పెద్దమ్మా! అత్తగారింటికి పోయిన కొత్తల్లుడు లెక్క ఎంత మర్యాదగ మూసుకుంటున్నదో," అన్నాడు రాయమల్లు. అందరూ చప్పట్లు కొట్టారు.

దీంతో ఎవరికైనా నష్టం ఉందా అని టీచరు అడిగింది. ఎవరూ చేయి ఎత్తలేదు. క్లాసులో సంపులో పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు.

ముప్పై రెండో రోజు

నా బొమ్మనే ఎంచారు. ఇరవై ఒక్కమందిలో నాది. ముందు నమ్మలేదు, తర్వాత భయమేసింది, తర్వాత గది మూల కూర్చుని ఏడ్చాను.

సెలవుకు పైకి వచ్చిన దుర్గకు చెప్పాను. సంతోషంతో నా చేతులు పట్టుకుంటుందనుకున్నాను.

"అంటే నా జాగల ఒరిగిన గుంజ కూసుంటదన్నట్టు," అంది.

"గట్లంటవేందే? నీ పానం కోసం..."

"మంచిదే అక్కా. నేనేమన్న అన్ననా? మంచిదే." చెప్పులు వేసుకుని ఆగింది. "సంపుల ఉన్నోళ్ళు నా తలుపు చప్పుడుతోనే పొద్దు లెక్కవెట్టుకుంటరు. పట్టా మీద చెయ్యి పెడితే తెలుస్తదట. దుర్గక్క ఉన్నది, గాలి వస్తది, అనుకుంటరట."

నేను ఆ మాట విన్నాను. విని, పాపం పని పోతోందని దానికి బాధగా ఉంది అనుకున్నాను. అంతకుమించి దాన్ని పట్టించుకోలేదు. ఈ మాటలు చాలా రోజుల తర్వాత ఇక్కడ చేర్చి రాస్తున్నాను.

నలభయ్యో రోజు

తలుపు బిగించారు. నేను దిగలేదు. రాయమల్లు వచ్చి చెప్పాడు. "దిట్టంగ ఉన్నది పెద్దమ్మా. టబ్బు నెట్టుకొని పోతున్నది, ఎనుక మూసుకుంటున్నది. ఇగ నువ్వు మంచిగ పండు."

పడుకోలేదు. ఎందుకంటే పని పంచే ఆఫీసు నుంచి ఇంకో కబురు వచ్చింది. సంపులో ఒకరికి చేయి విరిగింది, మనుషులు తక్కువ ఉన్నారు. తలుపు దగ్గర ఖాళీ అయిన దుర్గక్క ఒక్క నెల సంపులో చేయాలి. నెల కాగానే పైకి. సంపులో గాలి తలుపు దగ్గరి గాలికంటే మంచిదే, పైనుంచి తిన్నగా వచ్చేది కదా అని ఆఫీసు గుమస్తా నాకే సర్ది చెప్పాడు. తలుపు మూసి ఉన్నంత కాలం అది నిజమే.

"ముప్పై రోజులే," అంది దుర్గ. "నీ తలుపు ఉన్నది కదా."

నలభై ఆరో రోజు

రాయడానికి ఏమీ లేదు. భయాలు రాయమంటే పేజీ సరిపోదు. గుంజ ఇంకా ఒరుగుతుందేమో. రబ్బరును ఎలుకలు కొరుకుతాయేమో. దుర్గ బురదలో జారుతుందేమో. ఇరవై ఏడు భయాలు రాసి రాయమల్లుకు ఇచ్చాను, దిగినప్పుడు చూసి రమ్మని. అన్నీ చూసి వచ్చాడు పాపం. అన్నీ సరిగ్గానే ఉన్నాయట. (తర్వాత చేర్చింది: గడప మీద మట్టి ఉందా లేదా అన్నది నా ఇరవై ఏడింటిలో లేదు.)

యాభై రెండో రోజు

పొద్దున పదకొండింటికి పెద్ద కూత వేశారు. అప్పుడు పుట్టగొడుగులకు నీళ్ళు చల్లుతున్నాను. కూత ఆగకుండా మోగింది.

కేజీ దగ్గరికి ఎట్లా వచ్చానో తెలియదు. ముందు నలుగురిని తెచ్చారు. వాళ్ళు నడుస్తూనే వచ్చారు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తాగినవాళ్ళలాగా. సంపు పెద్ద బక్కయ్య కేజీ దిగగానే కింద కూర్చుని వాంతి చేసుకున్నాడు.

"దుర్గేది?" అని అడిగాను.

"మా ఎనుకనే ఉండె," అన్నాడు.

వెనుక లేదు. రాయమల్లు మూతికి తడిగుడ్డ కట్టుకుని దిగాడు. ఇంకో కేజీలో వాళ్ళిద్దరూ వచ్చారు. దుర్గ వాడి భుజం మీద ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. వైద్యశాలలో గాలి గొట్టం పెట్టాక చాలాసేపటికి ఊపిరి అందింది.

బతికింది అన్నారు.

యాభై అయిదో రోజు

ఏం జరిగిందో దీపాల గదిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

టబ్బుల నుంచి బురద చిందుతుంది. గడప మీద పడి ఎండి గట్టిపడుతుంది. పన్నెండు రోజుల్లో నాలుగు వేళ్ళ ఎత్తు పేరుకుంది. తలుపు దానికి తట్టుకుని నాలుగు వేళ్ళ సందు వదిలి ఆగిపోయింది. ఆ సందులోంచి గాలి అడ్డదారి పట్టింది. పాత తలుపు అయితే ధబ్ మని మోగకపోయేసరికి సంపులో వాళ్ళకు తెలిసేది. నా తలుపు మూసుకున్నా చప్పుడు చేయదు, మూసుకోకపోయినా చేయదు. వాళ్ళు పట్టా మీద చేయి పెట్టి పెట్టి, పన్నెండు రోజులుగా ఏమీ తెలియక, చివరికి పెట్టడమే మానేశారు.

మూడేళ్ళు ఆ గడపను ఊడ్చింది దుర్గ. టబ్బు పోయిన ప్రతిసారీ చీపురుతో. ఆ సంగతి ఇప్పటిదాకా ఈ గదిలో ఎవరికీ తెలియదు. తలుపు మూసుడొక్కటే నా పని అనుకుంటున్నవా అని అది అడిగింది. నేను నీళ్ళు తేవడానికి లేచాను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. బొమ్మకు ఒప్పుకున్నది అందరం అని టీచరు అంది. ఎవరైనా తిట్టి ఉంటే కొంచెం తేలికగా ఉండేది. బయటికి వచ్చాక రాయమల్లును పట్టుకున్నాను.

"నువ్వన్న తిట్టురా."

వాడు చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. "రబ్బరు కుట్టంగ చప్పట్లు కొట్టింది నేనే కదా పెద్దమ్మా," అన్నాడు. "గిప్పుడు ఏ మొఖం పెట్టుకొని తిట్టాలె?"

అరవయ్యో రోజు

దుర్గకు అన్నం తినడం గుర్తుంది. కొంగు సర్దుకోవడం గుర్తుంది. మూడు దాటి లెక్క పెట్టలేకపోతోంది. ఇప్పుడు అన్న మాట ఇంకాసేపటికి గుర్తుండదు. నన్ను అమ్మా అంటుంది. మా అమ్మ పోయి నలభై ఏళ్ళు. మొదట రెండుసార్లు అమ్మను కాదే, అక్కను అని చెప్పాను. చెప్పినప్పుడల్లా భయపడి చుట్టూ చూస్తోంది. ఇప్పుడు చెప్పడం లేదు.

దాన్ని పైకి తేవాలని ఈ పాఠానికి వచ్చాను. పైకి వచ్చింది. ఇక ఎన్నడూ దిగదు.

పుస్తకం తీసుకుపోయి టీచరు బల్ల మీద పెట్టేశాను. ఆమె తీసుకోలేదు. "ఇంకో పాఠం ఉన్నది," అంది. "రెండో బొమ్మ. విరిగినదాని మీద మళ్ళ గీసుడు. మొదటిసారి మనం ఒక పని చెయ్యలే ఓదెమ్మా. ఆ తలుపుతోని బతికేటోళ్ళను అడగలే. నేను చెప్పలే, మీరు అడగలే. గట్ల అడగాలని నా దగ్గరున్న పాఠాల కాయిదాలల్ల ఒక పేజీ ఉండె, చిన్న సంగతి అనుకొని దాటేసిన."

అరవై మూడో రోజు

కేజీలో దిగాను. తాడు చప్పుడు చేసింది. కళ్ళు మూసుకుని మొండయ్య పేరు అనుకున్నాను. తెరిచేసరికి నాలుగో అంతస్తు.

నా తలుపును మొదటిసారి చూశాను. రబ్బరు తీసేశారు. చీపురు పట్టుకుని ఒక మనిషి కూర్చోవాలి, ఎవరూ ముందుకు రావడం లేదని ఆఫీసువాళ్ళు తలలు పట్టుకున్నారు. నేను కూర్చుంటానన్నాను. "నీ వయసుకు సగం పూటే," అన్నాడు గుమస్తా. సగం పూటకే గొంతు గరగరలాడింది.

పని అయ్యాక సంపుకు పోయి నలుగురినీ ఒక్కొక్కరినీ అడిగాను. మీకేం కావాలె? ముగ్గురు తల దించుకుని చీపురు మనిషి అన్నారు, గడప ఎత్తు అన్నారు. బక్కయ్య మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు.

"మళ్ళ యంత్రమా?"

"కాదు బక్కయ్యా. అడుగుతున్న, అంతే."

"పంకా ఆగితే పై అంతస్తులల్ల నిద్రల ఉన్న పసిపోరలు సుత లేచి కూసుంటరు. ఎందుకు? మోగుడు ఎవనికీ వినిపించది, ఆగుడు వినిపిస్తది. మాకు గాలి ఆగంగనే వినవడాలె. తలుపు సంగతి మాకెందుకు? మా ముక్కుకాడి సంగతి కావాలె."

వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఒక్క మాట కూడా నా సొంతం కలపలేదు.

డెబ్బై ఒకటో రోజు

పలచటి రేకును ఆకులాగా కోసి, సంపు మొగదల ఇంకో రేకు పక్కన తీగతో వేలాడదీశాం. పైనుంచి గాలి వస్తున్నంతసేపు రెండూ గలగలమంటూ కొట్టుకుంటాయి. గాలి ఆగితే ఆగిపోతాయి. యంత్రం అంటే అంతే. అయిదు రకాల రేకులు విరిగాక ఆరోది నిలిచింది. ఏది ఎట్లా విరిగిందో పుస్తకం చివరి పేజీల్లో రాశాను.

రాయమల్లు తలుపు పట్టుకుని నాలుగు వేళ్ళ సందు వదిలి నిలబడ్డాడు. సంపులో బక్కయ్య వాళ్ళు వీపు తిప్పి బురద తోడుతున్నారు. ముప్పై లెక్కపెట్టేలోపు రేకు ఆగింది. నలుగురూ ఒక్కసారి పారలు వదిలి తలెత్తారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"పెద్దమ్మా," అని అక్కడి నుంచే కేకేశాడు రాయమల్లు, "వినవడ్డదా?"

"వినవడ్డది," అన్నాను. నవ్వు రాలేదు. వాడికీ రాలేదు.

డెబ్బై ఎనిమిదో రోజు

పాఠం రేపటితో అయిపోతుంది. టీచరు పుస్తకం చూసి, "అడిగినోళ్ళ పేర్లు నాలుగే ఉన్నయి. ఐదుగురు కదా," అంది. దుర్గకు అడిగినా తెలియదు కదా అన్నాను. ఆమె పుస్తకం నా చేతిలో పెట్టింది.

తలుపు దగ్గర నా పూట అయ్యాక వైద్యశాలకు పోయాను. దుర్గ మంచం మీద గోడకు ఒరిగి కూర్చుని ఉంది. నా చీర మీది బురద చూసి, "ఏడికి పోయినవమ్మా గిట్ల అయినవ్?" అంది.

పక్కన కూర్చుని పెన్సిలు తీశాను.

"దుర్గా, నాలుగో అంతస్తుల తలుపు కాడ ఒక మనిషి ఉండె. యాదికున్నదా?"

"నేనే," అంది వెంటనే. అంత వెంటనే అంటుందని అనుకోలేదు.

"ఆడ నీకేం కావాల్నుండె?"

పైకప్పు వైపు చూసింది. "చీపురు. పాతది అరిగింది."

రాశాను. "ఇంకా?"

"కింద పర్సుకోను గోనె సంచి. ఇనుము సల్లగుంటది." రెండు వేళ్ళు చూపించింది. "రెండు సంచులు."

"రెండెందుకు?"

"మా అక్క వస్తదని," అంది. "ఒక్కనాడన్న దిగొస్తదని ఒకటి మడిచి పక్కకు పెట్టేదాన్ని. దానికి బయమెక్కువమ్మా. రాలే."

నాకు కళ్ళు కనపడలేదు. పెన్సిలు మీద బలం ఎక్కువై ముక్కు విరిగింది. చేత్తో తడుముకుని గోటితో చెక్క తీసి మళ్ళీ రాశాను.

"రాసుకున్నవా?" అంది.

"రాసుకున్న."

"ఏం రాసుకున్నవో సదువు."

చదివాను. "చీపురు ఒకటి. గోనె సంచులు రెండు."

తల ఊపింది. దుప్పటి అంచు మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ కాసేపు ఆలోచించింది. తర్వాత నా వైపు తిరిగింది.

"రెండెందుకమ్మా?" అంది.